సాయినగర్‌లో షాక్‌వేవ్ థెరపీ: కత్తెర తెరవలేని చేత్తో వెళ్లిన ఒక టైలర్ రివ్యూ

"నరం దెబ్బతింటే షాక్‌వేవ్ పెట్టించుకుంటే లేస్తుందంట కదక్కా, నీకట్లనే లేచిందంట కదా" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నా కుడి మణికట్టు వాలిపోయిన సంగతి అనంతపురం పాతూరులో నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఆడవాళ్లందరికీ తెలుసు. ఇప్పుడు అదే చేత్తో కటింగ్ చేస్తున్నాను కాబట్టి అందరి గురీ ఆ మిషన్ మీదే, అంటే ఒంటికి బయట నుంచి టకటకా దెబ్బలు కొట్టే ఆ షాక్‌వేవ్ పరికరం మీదే ఉంది. ఒక్కొక్కరికీ సగం సగం చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. సెంటర్ మంచిది. అక్కడ నాకు వైద్యం చేసిన ఫిజియోథెరపిస్ట్ ఇంకా మంచిది. నా చెయ్యి లేచింది, అది నిజం. షాక్‌వేవ్ వల్లే లేచిందని మాత్రం నేను రాయలేను. ఆ అమ్మాయి కూడా ఒక్కసారీ ఆ మాట అనలేదు. డబ్బు తీసుకునే చోట అలా నిజం చెప్పేవాళ్లు దొరకడం చిన్న విషయం కాదు. అందుకే ఈ రివ్యూ.

సెంటర్ పేరు రాయడం లేదు. ఒక్క చెయ్యి బాగుపడిందని పేరు రాస్తే అది అడ్వర్టైజ్‌మెంట్ అయిపోతుంది. రేపు నరం పూర్తిగా తెగిపోయినవాళ్లు కూడా అది చదివి అక్కడికే పరిగెత్తితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. సాయినగర్‌లో ఆసుపత్రులు, ల్యాబులు వరుసగా ఉండే వీధుల్లో మొదటి అంతస్తులో ఉంటుంది. అంతవరకు చాలు.

కళ్యాణదుర్గం రోడ్డులో స్కూటీ జారి కుడి పక్కకు పడ్డాను. భుజానికీ మోచేతికీ మధ్య ఉండే ఎముక విరిగింది. ఎక్స్‌రే తీయకముందే డాక్టర్ "చెయ్యి పైకెత్తమ్మా" అన్నారు. మణికట్టు లేవలేదు. వేళ్లు చాపమంటే చాపలేకపోయాను. బొటనవేలు పక్కకు రాలేదు. పిడికిలి బిగించడం మాత్రం కొంచెం వస్తోంది. రేడియల్ నరం దెబ్బతిన్నదని అప్పుడే చెప్పారు. ఆ నరం పై ఎముకకు వెనక నుంచి మెలికగా, ఎముకను ఆనుకునే కిందికి దిగుతుందట. అందుకే ఆ ఎముక విరిగితే నరానికి కూడా దెబ్బ తగులుతుంది. ఇది అరుదేమీ కాదు. 2005లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్షలో, పై ఎముక నడిమి భాగం విరిగినవాళ్లలో నూటికి దాదాపు 12 మందికి ఈ నరం దెబ్బతింటుందని తేలింది. ఆ 12 అంకెతో పాటు ఇంకో అంకె కూడా ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. అసలు విషయం అందులోనే ఉంది.

టైలర్‌కి ఈ నరం పోతే ఏమవుతుందో చెప్పాలి. కత్తెర మూయడం వస్తుంది, తెరవడం రాదు. మనం కత్తెర మూసేటప్పుడు బలం పెడతాం కాబట్టి పని అంతా మూయడంలోనే ఉందనుకుంటాం. గుడ్డ మీద కత్తెర ముందుకు సాగాలంటే ప్రతి కోతకూ బొటనవేలు బయటికి రావాలి, వేళ్లు విప్పుకోవాలి. ఆ పని చేసేది ఈ నరమే. ఇరవై ఏళ్లకు పైగా చేతిలో ఉన్న కత్తెర బల్ల మీద అట్లే ఉండిపోయింది. ఇంకొకటి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చేతి వెనకవైపు స్పర్శ తెలిసేది కాదు. ఇస్త్రీ పెట్టె పక్కన పనిచేసేవాళ్లకు అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. మా ఆయన ఆ రోజుల్లో ఇస్త్రీ బల్ల దగ్గరికి నన్ను రానివ్వలేదు.

ఎముకకు ఆపరేషన్ అవసరం లేదన్నారు. ముందు పిండికట్టు, తర్వాత బ్రేస్ వేశారు. మా మామ పుత్తూరు కట్టుకు పోదామన్నాడు. మా అన్న బెంగళూరులో నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కి తీసుకుపోతానన్నాడు. ఎముకల డాక్టర్ మాత్రం "ముందు నరాల పరీక్ష చేయిద్దాం, ఇప్పుడే కాదు, మూడు వారాలు దాటాక" అన్నారు. ఎందుకు ఆగాలో అప్పుడు అర్థం కాలేదు. దెబ్బ తగిలిన వెంటనే చేస్తే నరం లోపల తంతువులు చచ్చాయా, ఊరికే మొద్దుబారాయా అన్నది ఆ పరీక్షలో సరిగా తెలియదట. తెగిన చోటు నుంచి కిందివైపు నరం క్షీణించడానికి, ఆ మార్పు కండరంలో సూదికి కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది. కరెంటు పెట్టి ఒకటి, సన్న సూది కండరంలో గుచ్చి ఒకటి, రెండు రకాలుగా చేశారు. సూదిది నొప్పిగానే ఉంటుంది, ఓర్చుకోవాలి. ఏ వైద్యానికైనా దారి చూపించేది ఆ రిపోర్టే.

రిపోర్టులో ఏముందో ఆ ఫిజియోథెరపిస్ట్ నాకు చెప్పిన తీరు బాగుంది. 1943లో సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ నరాల గాయాలను మూడు రకాలుగా విడదీశాడు. ఇప్పటికీ డాక్టర్లు ఆ పేర్లే వాడతారు. నేను టైలర్‌నని తెలిసి ఆమె లంగా బొందుతో పోల్చి చెప్పింది. మొదటి రకంలో బొందూ బాగుంటుంది, బొందు దూర్చే మడతా బాగుంటుంది, ఊరికే బిగుసుకుంది, అంతే. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. రెండో రకంలో లోపల బొందు తెగింది, మడత మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త బొందు ఆ మడతలో నుంచే పాక్కుంటూ రావాలి. మూడో రకంలో బొందూ మడతా రెండూ తెగిపోయాయి. అప్పుడు కుట్టే సర్జన్ కావాలి, బయట నుంచి ఏం పెట్టినా పని జరగదు. "నీది రెండో రకంలా ఉందక్కా. పెరగాల్సింది నరమే. మనం దానికి దారి బాగుండేలా చూడాలి" అంది.

పెరగడం అంటే ఎంత? రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. నెలకు అంగుళం కన్నా కాస్త ఎక్కువ. ఈ లెక్క విన్నాకనే నాకు టెన్షన్ తగ్గింది. ఎముక విరిగిన చోటు నుంచి మోచేతి దగ్గర మొదటి కండరం దాకా ఎన్ని అంగుళాలో కొలుచుకుంటే ఎన్ని నెలలు పడుతుందో తెలిసిపోతుంది. రెండో నెలలో చెయ్యి లేవలేదని ఏడవాల్సిన పని లేదు. అయిదో నెల దాటినా ఏ కదలికా లేకపోతే ఊరికే కూర్చోవడానికీ లేదు. నరం అందకుండా ఏడాది, ఏడాదిన్నర దాటిన కండరం తర్వాత నరం వచ్చి చేరినా సరిగా పనిచేయదు. అందుకే అన్ని నెలలూ షాక్‌వేవ్ సిట్టింగులకే పోయి సర్జన్‌ని చూడకపోవడం చాలా ప్రమాదం.

ఈ ఒక్క మాట కోసమే ఇంకో చోట జరిగింది కూడా చెప్పాలి. ఊరూ పేరూ వద్దు. అక్కడ నా చెయ్యి ముట్టుకోకముందే రంగుల కాగితం చేతిలో పెట్టారు. సిట్టింగుల ప్యాకేజీ, ముందే మొత్తం కడితే తగ్గింపు, "నరం హండ్రెడ్ పర్సెంట్ యాక్టివ్ అవుతుంది, గ్యారంటీ" అన్నారు. నరాల పరీక్ష రిపోర్టు ఇస్తే మడిచి పక్కన పెట్టారు, చదవలేదు. ఎక్స్‌రే అడగలేదు. ఎముక అతుక్కుందో లేదో చూడకుండా విరిగిన చోట మిషన్ పెట్టడానికి సిద్ధమయ్యారు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని "పా, పోదాం" అన్నాడు. వచ్చేశాం. నరాలు పడిపోయినవాళ్లు ఎంత భయంలో ఉంటారో తెలిసి కూడా గ్యారంటీ అనే మాట వాడటం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

సాయినగర్ సెంటర్‌లో మొదటి రోజు మిషన్ ఆన్ చేయనే లేదు. ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీలో పెద్ద చదువు చదివిన అమ్మాయి, ముప్పై దాటి ఉండవు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసింది. ఎముక అతుకు పడుతోందని ఎముకల డాక్టర్‌కి ఫోన్ చేసి నిర్ధారించుకుంది. తర్వాత నా చేతి వెనకాల కింది నుంచి పైకి వేలి కొసతో మెల్లగా తడుతూ వచ్చింది. ఒక చోట తట్టగానే కరెంటు కొట్టినట్టు జిల్లుమని బొటనవేలి వెనక్కి పాకింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆమె నవ్వి "అదేనక్కా, పెరుగుతున్న కొస అక్కడుంది" అంది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, ఫ్రాన్స్‌లో టినెల్, జర్మనీలో హాఫ్‌మన్ వేరువేరుగా ఇది రాశారట. వందేళ్ల కిందటి పద్ధతి, వేలు తప్ప ఏ పరికరమూ అక్కర్లేదు.

ఆ చోట పెన్నుతో చుక్క పెట్టి, మోచేతి బయటి ఎముక నుంచి కొలవడానికి టేపు వెతికింది. ఆమె టేపు ఎక్కడో పెట్టి మరిచిపోయింది. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది, తీసి ఇచ్చాను. అప్పటి నుంచి ప్రతిసారీ ముందు నా టేపుతో కొలత, తర్వాతే వైద్యం. కొలత నా ఫైల్లో రాసేది, నేను నా ఆర్డర్ల నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని, నడుము చుట్టు, భుజం కొలతల మధ్యలో నా నరం కొలత. చుక్క కిందికి జరుగుతూ వచ్చింది. చెయ్యి ఇంకా ఒక్క ఇసుమంత లేవకముందే నరం నడుస్తోందని నాకు తెలిసింది ఆ కొలతలతోనే. ఆ సెంటర్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. మిషన్ కన్నా ఈ కొలతకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక మిషన్ సంగతి. చిన్న బీరువా అంత పెట్టె, దానికి పైపు, పైపు చివర పిస్టల్ లాంటి పిడి. ఆ పిడిలో గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు గుండు ముందుకు దూసుకొచ్చి కొసను కొడుతుంది. ఆ దెబ్బ చర్మం గుండా లోపలికి పోతుంది. చర్మానికి జెల్ రాసి కొస ఆనిస్తారు. టకటకటకా అని శబ్దం, పక్క గదిలోకి కూడా వినపడుతుంది. కరెంటు షాక్ కాదు ఇది. షాక్ అనే మాట విని మా అత్తమ్మ భయపడింది, మీరు భయపడకండి. ముంజేయి కండల మీద పెడితే గట్టిగా గుద్దుతున్నట్టు ఉంటుంది. మోచేతి బయటి ఎముక అంచున పెడితే మాత్రం పళ్లు బిగించాల్సి వస్తుంది. నాకు 1.5 బార్ ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి, ఒక సిట్టింగ్‌లో 2000 దెబ్బల దాకా ఇచ్చేది. వారానికి ఒక సిట్టింగ్. స్పర్శ లేని చోట ఒత్తిడి పెంచేది కాదు. "నొప్పి తెలియని చోట నువ్వు ఆపమని చెప్పలేవు కదక్కా" అంది. సిట్టింగ్ తర్వాత చర్మం ఎర్రబడేది, ఒకసారి చిన్నగా కమిలింది, దానంతట అదే తగ్గింది.

ఈ వైద్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. మన వైపు కిడ్నీలో రాళ్లు లేని ఇల్లు తక్కువ కాబట్టి చాలామందికి ఆ మిషన్ తెలిసే ఉంటుంది. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదటిసారి మనిషి కిడ్నీలో రాయిని బయట నుంచే షాక్‌వేవ్‌లతో పగలగొట్టారు. తర్వాత అదే అల తక్కువ బలంతో ఎముకలకు, కండరాలు ఎముకకు అంటుకునే చోట్లకు వాడటం మొదలైంది. మడమ నొప్పికి 2000లో అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. మడమ నొప్పి, భుజంలో సున్నం పేరుకోవడం, టెన్నిస్ ఎల్బో అనే మోచేతి నొప్పి లాంటి వాటికి ఏళ్లుగా వాడుతున్నారు. నరాలకు వాడటం వీటి తర్వాత వచ్చింది, అక్కడ ఆధారం చాలా తక్కువ.

నరాలకు ఉన్న ఆధారమేమిటని నేనే గుచ్చి గుచ్చి అడిగాను. ఆమె విసుక్కోకుండా చెప్పింది. 2012లో ఆస్ట్రియాలో ఎలుకల మీద చేసిన ప్రయోగం ఒకటి ముఖ్యమైనది. తుంటి నరం ముక్క కోసి, మళ్లీ అతికించి కుట్టి, కొన్నిటికి 300 షాక్‌వేవ్‌లు ఇచ్చారు. మూడు వారాలకు చూస్తే షాక్‌వేవ్ ఇచ్చిన ఎలుకల్లో కొత్త నరపు పోగులు ఎక్కువగా పెరిగాయి. నడక కూడా ముందుగా మెరుగైంది. మూడు నెలలకు చూస్తే రెండు గుంపుల మధ్యా తేడా లేదు. అంటే ఎలుకల్లో అది వేగం పెంచింది, చివరికి చేరిన చోటు ఒకటే. ఆ దెబ్బలు నరం చుట్టూ ఉండే ష్వాన్ కణాలను కదిలిస్తాయని, రక్తనాళాలు పెరగడానికి, నరం పెరుగుదలకు పనికొచ్చే పదార్థాలు ఊరడానికి తోడ్పడతాయని ల్యాబుల్లో చూశారు. మనుషుల్లో మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే జబ్బుకు చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి. ప్రమాదంలో దెబ్బతిన్న నరానికి ఇది పనిచేస్తుందని గట్టిగా నిలబడే పెద్ద అధ్యయనం ఆమె చూపించలేదు. ఉందని నమ్మించే ప్రయత్నమూ చేయలేదు.

ఇంకో విషయం కూడా ఆమే చెప్పింది. మన చిన్న ఊళ్లలో ఎక్కువగా ఉండేది రేడియల్ మిషన్ (నా నరం పేరూ రేడియలే, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు). దాని బలమంతా చర్మం దగ్గరే ఎక్కువ, లోపలికి పోయే కొద్దీ తగ్గుతుంది. కచ్చితంగా మాట్లాడితే దాన్ని షాక్‌వేవ్ అనకూడదు, ఒత్తిడి అల అనాలట. ఎలుకల ప్రయోగంలో వాడింది వేరే రకం మిషన్. కాబట్టి అక్కడి ఫలితం ఇక్కడ అట్లే వస్తుందని లెక్క కట్టలేం. తన దగ్గరున్న మిషన్ గురించి తనే ఇలా చెప్పే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

మరి నాకు ఏం తెలిసింది? నొప్పి, బిగుసుకుపోవడం తగ్గాయి, ఇందులో నాకు అనుమానం లేదు. బ్రేస్‌లో నెలల తరబడి ఉండి మోచేయి, ముంజేయి కొయ్యలా అయిపోయాయి. సిట్టింగ్ అయిన సాయంత్రం మోచేయి తేలిగ్గా చాచుకునేది, రాత్రి నిద్ర పట్టేది. ఆ తేలికతో మరుసటి రోజు వ్యాయామాలు బాగా చేసుకోగలిగేదాన్ని. ఇది నా ఒంటికి తెలిసిన విషయం, ధైర్యంగా రాస్తున్నాను.

చెయ్యి లేవడం మాటకొస్తే, ఇందాక వదిలిన అంకె ఇక్కడ కావాలి. అదే 2005 సమీక్షలో, ఇలా పై ఎముక విరిగి రేడియల్ నరం పడిపోయినవాళ్లలో నూటికి 70 మంది ఏ ఆపరేషనూ లేకుండా, దానంతట అదే కోలుకున్నారు. నాకు మిషన్ మొదలైంది ఎముక అతుక్కున్నాక. అంటే నరం మోచేతి దగ్గరికి చేరే సమయానికి. ముందు ముంజేతి పైకండ చిన్నగా ఉబ్బింది, తర్వాత మణికట్టు, తర్వాత వేళ్లు, అన్నిటికన్నా చివర బొటనవేలు. నరం కొమ్మలు పై నుంచి కిందికి ఏ వరుసలో విడిపోతాయో సరిగ్గా అదే వరుస. షాక్‌వేవ్ లేకపోయినా అదే వరుసలో, బహుశా అవే నెలల్లో వచ్చేది. నాకు ఇంకో కుడిచెయ్యి లేదు, దీనికి పెట్టి దానికి పెట్టకుండా పోల్చి చూడటానికి. కాబట్టి "షాక్‌వేవ్‌తో లేచింది" అని ఎవరైనా నా పేరు చెప్తే నమ్మకండి. నేను అలా అనలేదు.

నిజంగా చెయ్యిని కాపాడినవి చవకైనవి. మణికట్టును పైకి పట్టి ఉంచే కాక్‌అప్ స్ప్లింట్ ఒకటి. దాని విలువ ఆమె ఒక్క నిమిషంలో చూపించింది. వాలిన చేత్తో తన రెండు వేళ్లు పట్టుకుని బిగించమంది, బలమే లేదు. తర్వాత తనే నా మణికట్టు పైకెత్తి పట్టుకుని మళ్లీ బిగించమంది. గట్టిగా బిగిసింది. బిగించే కండలకు ఏమీ కాలేదు, మణికట్టు వాలి ఉంటే వాటికి పట్టు దొరకదు, అంతే. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. స్ప్లింట్ వేసుకుని సూదీ దారం పట్టుకోగలిగాను, హుక్స్ కుట్టగలిగాను. కటింగ్ మా ఆడపడుచు చేసేది, హుక్స్, కాజాలు, ఫాల్ నేను చూసుకునేదాన్ని. దుకాణం మూతపడకుండా నిలిచింది ఆ స్ప్లింట్ వల్లే. ఇక రెండోది, వేళ్లు, మణికట్టు పట్టేయకుండా ఎడమచేత్తో రోజూ పైకెత్తి వంచడం. నరం వచ్చేసరికి కీలు బిగుసుకుని ఉంటే వచ్చిన నరం ఏం చేస్తుంది? ఈ రెండింటికీ మిషన్ అక్కర్లేదు, ఇంట్లో ఓపిక కావాలి.

అక్కడ బెంచీ మీద కూర్చున్నప్పుడు చూసినవి కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి. కూడేరు వైపు నుంచి ఒక రైతు వచ్చేవాడు. చెనక్కాయ చేలో రోజంతా గొంతుక్కూర్చుని పని చేసి లేస్తే పాదం ముందు భాగం లేవడం లేదు, నడిస్తే నేలకు రాసుకుంటోంది. మోకాలి బయటివైపు ఎముక మెడ దగ్గర ఒక నరం చర్మం కిందే ఉంటుంది, ఎక్కువసేపు గొంతుక్కూర్చుంటే నలిగిపోతుందట. ఆయనకు ఆమె మొదట చెప్పింది గొంతుక్కూర్చోవడం మానమని, పాదానికి పట్టీ వేసుకోమని, నరాల పరీక్షకు పోమని. షాక్‌వేవ్ ఊసే ఎత్తలేదు. గాజు గుచ్చుకుని మణికట్టు దగ్గర తెగి, వేళ్లు మొద్దుబారిన ఒక కుర్రాడిని బెడ్ మీద కూడా పడుకోబెట్టలేదు. అదే గంటలో సర్జన్ దగ్గరికి పంపింది. కత్తి, గాజు తగిలి తెగిన నరం దానంతట పెరిగి అతుక్కోదు, తొందరగా కుట్టాలి.

మా అత్తమ్మకు అరికాళ్ల మంటలు. నా వెంట వచ్చి తనకూ మిషన్ పెట్టమంది. షుగర్ చూపించారా, విటమిన్ బీ12 చూపించారా అని అడిగి, ఆ పరీక్షలు రాయించుకోమని డాక్టర్ దగ్గరికి పంపింది. దెబ్బ తగిలిన నరం వేరు, షుగర్‌తో పాడయ్యే నరాలు వేరు. దెబ్బేమీ తగలకుండా చెయ్యో కాలో పడిపోయి, ఒంటి మీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్టు పరీక్ష కూడా చేయించుకోవాలని, దానికి మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందని గోడ మీద రాసి పెట్టారు. ఒక ప్రైవేటు సెంటర్ గోడ మీద ఆ మాట చూడటం నాకు గౌరవంగా అనిపించింది.

ఎవరికి పెట్టకూడదో కూడా ఆమె ముందే అడుగుతుంది. ఆ భాగంలో క్యాన్సర్ గడ్డ ఉన్నవాళ్లు, చీము పట్టినవాళ్లు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్లు. ఊపిరితిత్తుల మీదుగా పోయేలా ఛాతీ మీద పెట్టకూడదు. ఎముకలు ఇంకా పెరిగే వయసు పిల్లల కీళ్ల దగ్గరా పెట్టకూడదు. గుండె స్టెంట్ వేయించుకున్నవాళ్లు చాలామంది రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటారు, సెంటర్‌లో అడగకపోయినా ఆ సంగతి తామే చెప్పాలి.

బాగాలేనివి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది. లిఫ్ట్ లేదు. కాలు ఈడ్చుకుంటూ వచ్చే మనుషులు ఇరుకు మెట్లు ఎక్కి రావాలి. కూడేరు రైతును ఇద్దరు పట్టుకుని ఎక్కించేవాళ్లు. ఇలాంటి సెంటర్ కింది అంతస్తులో ఉండాలి, అద్దె ఎక్కువైనా సరే. బెడ్‌ల మధ్య పల్చటి కర్టెన్లు తప్ప గోడ లేదు. భుజం దాకా చెయ్యి బయట పెట్టాల్సిన ఆడవాళ్లకు అది ఇబ్బంది. ఆ మాట చెప్తే ఆడవాళ్లకు పొద్దున వేరే టైమ్ పెట్టారు, అది మెచ్చుకోవాలి. సాయంత్రం ఆరు తర్వాత రద్దీ ఎక్కువ, చెప్పిన టైముకు పిలవరు, ముప్పావుగంట కూర్చోవాల్సి వచ్చేది. రిసెప్షన్‌లో అబ్బాయి రసీదు అడిగితే తప్ప ఇవ్వడు.

ఒక సిట్టింగ్‌కు 800 రూపాయలు తీసుకున్నారు. మామూలు వ్యాయామాలు, కరెంటు పెట్టడం వేరే, అవి తక్కువ. కుట్టుకూలి మీద బతికే ఇంట్లో 800 అంటే కొన్ని బ్లౌజుల కూలి. ఆ డబ్బు నొప్పి, బిగుసు తగ్గడానికి పెట్టానంటే నాకు బాధ లేదు. నరం లేస్తుందనే ఆశతో అప్పు చేసి పెట్టేవాళ్లకు మాత్రం నేను వద్దంటాను. ఆ డబ్బుతో ముందు నరాల పరీక్ష చేయించుకోండి, స్ప్లింట్ కొనుక్కోండి, సర్జన్‌కి చూపించుకోండి. మిగిలితే, నొప్పి ఉంటే, అప్పుడు ఆలోచించండి. కొన్ని సిట్టింగుల తర్వాత ఆ అమ్మాయే "ఇక చాలక్కా, బిగుసు పోయింది, ఇకపై వ్యాయామాలే" అని ఆపేసింది. ఇంకో నాలుగు రాసినా కట్టి ఉండేదాన్ని, ఆమెకూ తెలుసు.

వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు అన్నీ, నరాల పరీక్ష రిపోర్టు, వాడుతున్న మాత్రల చీటీ తీసుకెళ్లండి. చేతికైతే చేతులు వదులుగా ఉండే జాకెట్ వేసుకోండి. ఆదివారం సెలవు. పొద్దున తొమ్మిదికి వెళ్తే ఖాళీగా ఉంటుంది, ఆమె తీరిగ్గా మాట్లాడుతుంది.

ఇప్పుడు నా చెయ్యి: మణికట్టు పూర్తిగా లేస్తుంది. వేళ్లు చాచగలను. కత్తెర తెరుచుకుంటుంది, మందపాటి లైనింగ్ రెండు మడతలు కోయాలంటే మాత్రం మధ్యలో ఆగాల్సి వస్తుంది. బొటనవేలు ఇంకా సగమే బయటికి వస్తోంది. చేతి వెనక స్పర్శ మసకగా ఉంది, ఇస్త్రీ ఇప్పటికీ ఎడమచేత్తోనే. వచ్చే నెల మళ్లీ నరాల పరీక్ష ఉంది, రిపోర్టు వచ్చాక అందులో ఏముందో రాస్తాను.